బెర్గెన్ రేవులో తొమ్మిది గంటలు

(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో పదవీ విరమణ చేసిన ఒక అధికారిణి ప్రసంగ పాఠం)



"మీరు వెళ్ళొచ్చిన ఓడ ప్రయాణం గురించి ఓ అరగంట మాట్లాడండి మేడమ్" అని మన వాళ్ళు అడిగారు. ముందుగా ఒక మాట. ఇది ఎల్‌ఎఫ్‌సీ యాత్ర కాదు. మా అమ్మాయి జర్మనీలోని హాంబర్గ్‌లో ఉద్యోగం చేస్తోంది. తనను చూడటానికి వెళ్ళినప్పుడు, అక్కడి నుంచి నార్వే తీరానికి వెళ్ళే వారం రోజుల క్రూయిజ్‌లో మమ్మల్ని తీసుకెళ్ళింది. ఓడలో ఎన్ని అంతస్తులు, ఎన్ని రకాల భోజనాలు అన్నవి ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్ళు చూసుకోవచ్చు. కాబట్టి వాటి జోలికి పోను. మేము దిగిన రేవుల్లో ఒక్క ఊరి గురించే చెబుతాను. ఆ ఊరి పేరు బెర్గెన్. ముప్పై ఆరేళ్ళు కౌంటర్ వెనక కూర్చున్న మనిషిగా, అప్పులు, ఖాతాలు, పేర్లు, సంతకాలతో బతికిన మనిషిగా, ఆ ఊళ్ళో నాకు మన పనే కనిపించింది. అందుకని అది ఎంచుకున్నాను.

వానలో దిగాం

బెర్గెన్ నార్వే పడమటి తీరంలో ఉంది. చుట్టూ ఏడు కొండలు, మధ్యలో రేవు. 1070లో ఓలాఫ్ చ్యూరె అనే రాజు ఈ ఊరు కట్టించాడని వాళ్ళ సంప్రదాయం. రాజధాని ఓస్లో తర్వాత ఆ దేశంలో పెద్ద నగరం ఇదే. పెద్ద అంటే మన లెక్కలో కాదు, మూడు లక్షలకు కాస్త తక్కువ జనాభా. అట్లాంటిక్ మీంచి వచ్చే మబ్బులు కొండలకు తగిలి అక్కడే కురుస్తాయి. ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన. మన విశాఖపట్నంలో కురిసే దానికి ఇంచుమించు రెట్టింపు. ఏడాదిలో రెండు వందల రోజులకు పైగా ఏదో ఒక జల్లు పడుతూనే ఉంటుంది. మేము దిగింది జూన్‌లో. ఆ నెలలో అక్కడ రాత్రి పదకొండు వరకు వెలుతురు ఉంటుంది. కానీ పొద్దున ఎనిమిదింటికి ఓడ ఆగేసరికి ముసురు పట్టి ఉంది. మావారు, "ఇంత దూరం వచ్చి మన కోనసీమ శ్రావణ మాసం చూస్తున్నాం" అన్నారు.

ఓడ ఆగే స్కోల్టెన్ రేవు పాత కోట పక్కనే. గేటు దాటితే బెర్గెన్‌హుస్ కోట, అందులో 13వ శతాబ్దంలో హోకోన్ రాజు కట్టించిన రాతి సభామందిరం. అది దాటి నీటి అంచునే నడిస్తే పది నిమిషాల్లో పాతబస్తీ. బస్సు అక్కర్లేదు, గైడు అక్కర్లేదు. సాయంత్రం నాలుగున్నరకు ఓడలో ఉండాలి, ఐదింటికి బయల్దేరుతుంది. అందరికీ ఆ టైమే చెప్పారు. రానివాళ్ళ కోసం ఓడ ఆగదు.

వంకర ఇళ్ళ వీధి

పాతబస్తీ పేరు బ్రిగ్గెన్. రేవుకట్ట అని అర్థం. నార్వే క్యాలెండర్లలో మీరు చూసే ఉంటారు. నీళ్ళకు ఎదురుగా వరసగా కొయ్య ఇళ్ళు, ఎరుపు, పసుపు, తెలుపు రంగులు, కోసుగా ఉన్న పైకప్పులు. దూరం నుంచి బొమ్మరిల్లు అనిపిస్తుంది. దగ్గరికి వెళితే ఒక్క గోడా నిటారుగా లేదు. ఒక ఇల్లు కుడివైపు వాలితే పక్కది దాని భుజం మీద ఆనుకున్నట్టు ఉంటుంది. పాత రేవు కలపనీ చెత్తనీ నింపి ముందుకు జరుపుకుంటూ వచ్చిన నేల అది. అందుకే కుంగుతూ ఉంటుంది.

రెండు ఇళ్ళ వరసల మధ్య సన్నని సందు. నేల కూడా చెక్కే. గొడుగు తెరిస్తే రెండు వైపులా గోడకు తగులుతుంది. పై అంతస్తుల నుంచి సరుకు ఎత్తే గిలకలు ఇప్పటికీ కనిపిస్తాయి. సందు చివర, ఇళ్ళకు వెనక, మందపాటి రాతి గోడల గదులు విడిగా ఉన్నాయి. ముందు ఉన్నదంతా కొయ్య కాబట్టి, నిప్పంటుకుంటే దక్కాలని విలువైన సరుకు ఆ రాతి గదుల్లో దాచేవాళ్ళు. నేను చూడగానే, "ఇదీ వాళ్ళ స్ట్రాంగ్ రూమ్" అన్నాను. మా అమ్మాయి నవ్వింది.

ఆ భయం ఉత్తినే కాదు. 1476లో కాలింది. 1702లో ఊరు చాలా భాగం కాలిపోయింది. ఇప్పుడు మనం చూసే ఇళ్ళు ఆ తర్వాత పాత పద్ధతిలోనే, పాత కొలతల్లోనే మళ్ళీ కట్టినవి. 1944 ఏప్రిల్‌లో రేవులో పేలుడు పదార్థాలతో ఉన్న ఓడ పేలి పైకప్పులు లేచిపోయాయి. 1955లో మళ్ళీ నిప్పంటుకుని వీధిలో ఒక భాగం బూడిదైంది. మిగిలినవి అరవై రెండు ఇళ్ళు. 1979లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ ఇళ్ళు కట్టింది ఎవరు అంటే జర్మన్ వర్తకులు. లూబెక్, హాంబర్గ్ లాంటి ఉత్తర జర్మనీ పట్టణాల వ్యాపారులు కలిసి ఒక కూటమిగా ఏర్పడ్డారు. దాని పేరు హన్సా. లుఫ్తాన్సా విమానాల పేరు చివర ఉన్నది ఆ హన్సాయే. ఆ కూటమికి పరాయి దేశాల్లో నాలుగు పెద్ద కార్యాలయాలు ఉండేవి. లండన్, బ్రూజ్, రష్యాలోని నోవ్‌గొరాడ్, ఇక్కడ బెర్గెన్. 1360 ప్రాంతంలో మొదలైన బెర్గెన్ కార్యాలయం 1754 దాకా నడిచింది. దాదాపు నాలుగు వందల ఏళ్ళు.

ఉప్పు లేని ఎండుచేప

ఇంతమంది వర్తకులు ఈ వానల ఊరికి ఎందుకు వచ్చారు? ఎండుచేప కోసం. మన దగ్గర చేపను ఉప్పు రాసి ఎండలో పెడతాం. అక్కడ ఉప్పూ లేదు, ఎండా లేదు. బెర్గెన్‌కు ఇంకా చాలా ఉత్తరాన లోఫోటెన్ దీవులు ఉన్నాయి. ఏటా చలికాలంలో కాడ్ అనే పెద్ద చేప గుడ్లు పెట్టడానికి గుంపులు గుంపులుగా అక్కడికి వస్తుంది. ఆ చేపల్ని పట్టి, తల తీసి, రెండేసి చొప్పున తోకలు కట్టి, కర్ర పందిళ్ళ మీద వేలాడదీస్తారు. ఫిబ్రవరి నుంచి మే దాకా. అప్పుడు అక్కడ చలి సరిగ్గా నీరు గడ్డకట్టే చోటుకు అటూఇటుగా ఉంటుంది. మరీ చలైతే చేప గడ్డకట్టి చెడుతుంది. వెచ్చనైతే ఈగలు వాలతాయి. ఈ రెండింటికీ మధ్య, సముద్రపు గాలికి, చేప మెల్లగా ఆరి కట్టెలా అవుతుంది. బరువు ఐదో వంతుకు దిగుతుంది. ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది.

ఐరోపాలో క్రైస్తవులు ఉపవాస దినాల్లో మాంసం ముట్టేవారు కాదు, చేప తినేవారు. కాబట్టి ఈ కట్టె చేపకు ఎక్కడలేని గిరాకీ. ఇప్పటికీ ఇటలీలో, నైజీరియాలో ఇది ఇష్టంగా తింటారు. బెర్గెన్ చేపల అంగట్లో ఒకటి చేత్తో పట్టుకుని చూశాను. బల్ల మీద కొడితే టక్‌మని మోగింది. మేము శాకాహారులం, కాబట్టి చూడటం వరకే.

అసలు సంగతి ఆ చేప వెనక ఉన్న అప్పు. లోఫోటెన్ లాంటి ఉత్తర ప్రాంతంలో చేప ఉంది గానీ చాలినంత ధాన్యం పండదు. జర్మన్ వర్తకుల దగ్గర బాల్టిక్ తీరపు ధాన్యం ఉంది. ఉత్తరాది జాలరి వేసవిలో తన ఎండుచేపను పడవలో వేసుకుని బెర్గెన్ వస్తాడు. వర్తకుడు చేప తీసుకుంటాడు. బదులుగా పిండి, తాళ్ళు, గాలాలు, గుడ్డ ఇస్తాడు. చేప విలువకు మించి ఇచ్చినదంతా పుస్తకంలో రాసుకుంటాడు. వచ్చే వేసవికి తీర్చాలి. ఆ బాకీ ఉన్నంతకాలం జాలరి తన చేప ఆ వర్తకుడికే వేయాలి, మరొకడికి అమ్మకూడదు. మరో వర్తకుడు కొనకూడదు కూడా. చేప ధర, పిండి ధర రెండూ చెప్పేది ఎక్కువగా వర్తకుడే. కాబట్టి బాకీ ఒక పట్టాన తీరదు. తండ్రి పేరున ఉన్నది కొడుకు నెత్తిన పడిన సందర్భాలూ ఉన్నాయి.

ఇది వింటే మనకు కొత్తగా ఏమీ అనిపించదు. మన మచిలీపట్నం, విశాఖ ప్రాంతాల్లో నేతగాళ్ళకు ఈస్టిండియా కంపెనీ ముందుగా బయానా ఇచ్చి, ఆ బట్ట ఇంకెవరికీ అమ్మకుండా కట్టడి చేసిన చరిత్ర మనకు తెలుసు. అంత వెనక్కి కూడా పోనక్కర్లేదు. నా ఉద్యోగం మొదలైంది కాకినాడ వైపు ఒక తీరప్రాంత శాఖలో. పడవ బాగు చేసుకోవడానికి సావుకారు దగ్గర డబ్బు తీసుకున్నవాళ్ళు పట్టిన చేప ఆయనకే వేసేవాళ్ళు. ధర ఆయన చెప్పిందే. మా మేనేజరు గారు వాళ్ళను ఎలాగైనా బ్యాంకు వైపు తిప్పాలని పట్టుదలగా ఉండేవారు. ఒకసారి నన్ను వెంటబెట్టుకుని తీరానికి వెళ్ళి ఒక పెద్దాయనను అడిగారు, "అంత వడ్డీ పడుతుంటే ఆయన దగ్గరికే ఎందుకు పోతావయ్యా?" అని. ఆయన వల బాగు చేసుకుంటూ తల ఎత్తకుండా చెప్పాడు: "సావుకారు రాత్రి పన్నెండింటికైనా తలుపు తీత్తాడు బాబూ. తుపాను వత్తే బియ్యం పంపుతాడు. మీ బ్యాంకు ఆదివారం తెరవదు గదా."

బెర్గెన్‌లో ఆ ఇళ్ళ మధ్య నిలబడితే ఆ మాట గుర్తొచ్చింది. ఎందుకంటే అక్కడి లెక్కలో కూడా రెండో వైపు ఉంది. వర్తకుడు జాలరిని కట్టేసుకున్నాడు, నిజమే. కానీ చేప పడని ఏడాది కూడా ఆ జాలరికి పిండి ఇవ్వాల్సిన బాధ్యత వర్తకుడిది. అక్కడ పంట పండదు, ప్రభుత్వ సాయం లేదు, బీమా లేదు. చలికాలం పిల్లలు బతకాలంటే ఆ పుస్తకంలో తన పేరు ఉండాలి. బాకీ తీరనివ్వని పుస్తకమూ అదే, ఆకలికి చావనివ్వని పుస్తకమూ అదే. నాలుగు వందల ఏళ్ళు ఆ ఏర్పాటు నిలిచిందంటే ఒక్క బలవంతం మీద నిలవలేదు.

దీన్నిబట్టి నేను సావుకార్లను మెచ్చుకుంటున్నానని అనుకోకండి. మన పని ఏమిటో ఆ పెద్దాయన ఒక్క మాటలో చెప్పాడని నా భావన. వడ్డీ తగ్గించడం ఒక్కటే చాలదు. కష్టం వచ్చిన రోజున దొరకాలి. కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19లో మత్స్యకారులకు కూడా వర్తింపజేసినప్పుడు నేను సంతోషించాను. ఆ కార్డు చేతికి అందాక కూడా సావుకారు గుమ్మం ఎక్కుతున్నాడంటే, మనం ఎక్కడ అందుబాటులో లేమో వెళ్ళి అడగాలి. ఇక్కడ కూర్చున్న యువ అధికారులకు ఇది నా మనవి.

నిప్పు లేని ఇళ్ళు

మరియా చర్చి పక్కన షోట్‌స్టుయెనె అనే మ్యూజియం ఉంది. అంటే ఆ వర్తకుల వంటిళ్ళు, సభా గదులు. కొయ్య ఇళ్ళలో దీపానికీ పొయ్యికీ అనుమతి లేదు. చలికాలంలో కూడా వాళ్ళు పడుకునే గదుల్లో నిప్పు ఉండేది కాదు. వంట, చలి కాచుకోవడం, భోజనం, చదువు అన్నీ వెనక ఉన్న ఈ ఉమ్మడి గదుల్లోనే. పొడవాటి బల్లలు, గోడ వెంట బెంచీలు. కుర్రాళ్ళు జర్మనీ నుంచి నౌకరీ నేర్చుకోవడానికి వచ్చి ఏళ్ళ తరబడి ఉండేవాళ్ళు. రాత్రిళ్ళు అల్మారా లాంటి పెట్టెల్లో పడుకుని తలుపు మూసుకునేవారు. అక్కడ ఉన్నంతకాలం పెళ్ళి చేసుకోకూడదు. ఒక దశలో వెయ్యి మందికి పైగా మగవాళ్ళు, ఒక్క కుటుంబం లేకుండా, ఆ వీధిలో బతికారు.

మావారు అదంతా చూసి, "మీ వాళ్ళకు మొదటి పోస్టింగ్ రూరల్ ఇచ్చినట్టు" అన్నారు. నవ్వుకున్నాం. కానీ ఇక్కడున్న కుటుంబాలకు ఆ మాటలో ఉన్నది తెలుసు. బదిలీ ఉత్తర్వు వచ్చిన రాత్రి ఏ ఇంట్లోనైనా ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఉద్యోగం చేసేది ఒకరైనా, ఊళ్ళు మారేది, బళ్ళు మారేది, పెద్దవాళ్ళను వదిలి వెళ్ళేది ఇల్లంతా.

అక్కడే ఇంకో చిన్న సంగతి తెలిసింది. 1955లో వీధి కాలిన చోట పురావస్తు శాఖ వాళ్ళు ఏళ్ళ తరబడి తవ్వారు. రూనిక్ అనే పాత లిపిలో రాతలు చెక్కిన కర్రముక్కలు వందల సంఖ్యలో దొరికాయి. ఎక్కువగా 12 నుంచి 14 శతాబ్దాల నాటివి. అంతకు ముందు ఆ లిపి అంటే సమాధి రాళ్ళ మీద పెద్దవాళ్ళ పేర్లు చెక్కడానికే అనుకునేవారట. ఇక్కడ చూస్తే, సరుకు మూటకు కట్టిన పేరు చీటీలు, వ్యాపారం మాటలు, ప్రేమ కబుర్లు. ఒక కర్ర మీద, ఇంటికి రమ్మని గ్యూడా అనే స్త్రీ పంపిన కబురు ఉంది. ఎనిమిది వందల ఏళ్ళ నాటి మెసేజ్! మా ఇంట్లో ఇయర్ ఎండింగ్ రోజుల్లో మావారు నాకు పంపినవి కూడా అవే మాటలు.

కొండ మీద గంటసేపు

మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. చేపల అంగడికి కూతవేటు దూరంలో ఫ్లోయెన్ కొండ ఎక్కే రైలు ఉంది. తాడుతో లాగే రైలు, 1918 నుంచి నడుస్తోంది. కొన్ని నిమిషాల్లోనే 320 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. పైనుంచి చూస్తే రేవు, దీవులు, మా ఓడ, అన్నీ కనిపించాయి. బ్రిగ్గెన్ వీధి ఇంత సన్నగా ఉంది. అక్కడే తెచ్చుకున్న పులిహోర తిన్నాం. కిందికి వచ్చి దాల్చినచెక్క వేసిన చుట్ట బన్ను కొన్నాం. ఆ ఊరి ప్రత్యేకత అది. పేరు షిల్లింగ్స్‌బొల్లె. షిల్లింగ్ అనేది నార్వే పాత నాణెం. 1875లో క్రోనె వచ్చి ఆ నాణెం పోయింది గానీ, బన్ను పేరులో మాత్రం మిగిలిపోయింది. ఇప్పటి ధర మాత్రం అడగకండి, రూపాయల్లోకి మార్చుకుంటే గొంతు దిగదు.

రెండో పుస్తకం

నాలుగున్నరకు ఓడలో ఉండాలి. ఉన్న సమయంలో షాపింగ్‌కు వెళ్దామా, ఇంకోటి చూద్దామా అన్న చర్చ వచ్చింది. మా అమ్మాయి మైక్రోబయాలజీ చదివింది. అది పట్టుబట్టి మమ్మల్ని ఒక చోటికి తీసుకెళ్ళింది. సెయింట్ యోర్గెన్ ఆసుపత్రి. ఇప్పుడు కుష్ఠు వ్యాధి మ్యూజియం.

ఆరు వందల ఏళ్ళ కింద మొదలైన ఆసుపత్రి అది. 1702 మంటల్లో కాలిపోతే మళ్ళీ కట్టారు. లోపల మధ్యలో పొడవాటి చెక్క హాలు, రెండు వైపులా వరసగా చిన్న చిన్న గదులు. గదికి ఇద్దరు. మంచం, కిటికీ, అంతే. 19వ శతాబ్దంలో నార్వే పడమటి తీరంలో ఈ జబ్బు విపరీతంగా ఉండేది. బెర్గెన్‌లో మూడు కుష్ఠు ఆసుపత్రులు నడిచేవి. 1816లో ఆ ఆసుపత్రి పాస్టర్ వెల్హావెన్ రోగుల దుస్థితి గురించి రాసి బయటపెట్టాడు. ఆ తర్వాతే పెద్దల చూపు ఇటు తిరిగింది.

అక్కడి పెద్ద వైద్యుడు డానియెల్సెన్. ఈ జబ్బు వంశపారంపర్యం అని ఆయన నమ్మకం. ఆయన అల్లుడు గెర్హార్డ్ ఆర్మౌర్ హాన్సెన్ కూడా వైద్యుడే. హన్సా వర్తకులకూ ఈయనకూ ఏ సంబంధమూ లేదు, పేర్లు కలిశాయంతే. ఇది వంశం నుంచి రావడం లేదు, ఒకరి నుంచి ఒకరికి సోకుతోందని అల్లుడి అనుమానం. 1873లో, ఆ ఊళ్ళోనే, రోగుల నుంచి తీసిన నమూనాల్లో కడ్డీలాంటి క్రిములను సూక్ష్మదర్శినిలో చూశాడు. మనిషిలో దీర్ఘకాలం ఉండే ఒక జబ్బుకు క్రిమి కారణం అని చెప్పిన తొలి సందర్భాల్లో అది ఒకటి. అందుకే ఈ జబ్బును హాన్సెన్ వ్యాధి అంటారు. మామగారి సిద్ధాంతాన్ని అల్లుడు కాదన్నాడన్నమాట.

అయితే అతన్ని దేవుణ్ణి చేయలేదు ఆ మ్యూజియం వాళ్ళు. సోకుతుందని రుజువు చేయాలన్న తొందరలో హాన్సెన్ ఒక రోగి స్త్రీకి చెప్పకుండా, ఆమె ఒప్పుకోకుండా, కంటి దగ్గర వ్యాధి పదార్థం ఎక్కించే ప్రయత్నం చేశాడు. ఆమె ఊరుకోలేదు. విషయం కోర్టుకు వెళ్ళింది. 1880లో కోర్టు అతన్ని ఆ ఆసుపత్రి ఉద్యోగం నుంచి తొలగించింది. పేరున్న వైద్యుడు ఒక వైపు, ఎవరూ లేని రోగి మరో వైపు. న్యాయం రోగి వైపు నిలిచింది.

ఇక నేను చెబుతానన్న పుస్తకం. 1856లో నార్వే ప్రభుత్వం దేశంలోని ప్రతి కుష్ఠు రోగి పేరూ ఒక రిజిస్టరులో రాయించడం మొదలుపెట్టింది. ఒక జబ్బుకు దేశం మొత్తానికీ పెట్టిన తొలి రిజిస్టర్లలో అది ఒకటి. తలలు లెక్కపెట్టి వదిలేయలేదు. మనిషి పేరు, ఊరు, జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎక్కడికి మారాడు, ఎప్పుడు పోయాడు, అన్నీ. అలా ఎనిమిది వేలకు పైగా మనుషులు. తర్వాత హాన్సెన్ ఈ లెక్కలనే ముందు పెట్టి, రోగులను ఆసుపత్రుల్లో విడిగా ఉంచిన ప్రాంతాల్లో కొత్త కేసులు తగ్గాయని చూపించాడు. ఆ పాత పత్రాలను 2001లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

ఆ పుస్తకం కూడా కత్తికి రెండు వైపులా పదునే. పేరు ఎక్కినందువల్లే ఎందరో ఇల్లు, ఊరు, కన్నబిడ్డలను వదిలి ఆసుపత్రికి రావాల్సి వచ్చింది. సెయింట్ యోర్గెన్‌లో చివరి ఇద్దరు రోగులు 1946లో పోయారు. అప్పటికి వాళ్ళు అక్కడ యాభై ఏళ్ళకు పైగా ఉన్నారు. అంటే ఆ చిన్న గదిలోనే జీవితమంతా. మరో వైపు, ఆ పుస్తకం లేకపోతే జబ్బు ఎలా వస్తుందో తెలిసేది కాదు, తర్వాతి తరం బయటపడేది కాదు.

నాకు అప్పుడు మన డిచ్‌పల్లి ఆసుపత్రి గుర్తొచ్చింది. నేను నిజామాబాద్ ప్రాంతంలో పనిచేసినప్పుడు మా శాఖకు అలాంటి పాత రోగుల పింఛను ఖాతాలు ఉండేవి. జబ్బు ఎప్పుడో నయమైపోయింది, వేళ్ళు మాత్రం లేవు. వేలిముద్ర యంత్రం వచ్చిన కొత్తలో ఒక ముసలమ్మ వచ్చింది. యంత్రం ఆమెను గుర్తించడం లేదు. ఆధార్ కేంద్రంలో కూడా తిప్పి పంపారట. క్యూలో వాళ్ళు కాస్త దూరం జరిగి నిలబడ్డారు. మా శాఖలో కొత్తగా చేరిన క్లర్కు ఒక అమ్మాయి ఉండేది. తను కౌంటర్ వెనక నుంచి లేచి బయటికి వచ్చి, ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. వేళ్ళు లేనివాళ్ళకు ఆధార్‌లోనే మినహాయింపు ఉందని చదివి తెలుసుకుని, ఆ కాగితాలు దగ్గరుండి చేయించింది. పింఛను వచ్చిన రోజున ఆ ముసలమ్మ, "యంత్రానికి నేను కనబడలే బిడ్డా, నీకు కనబడ్డ" అంది.

ఆ రోజు బెర్గెన్‌లో నేను తెలుసుకున్నది ఇదే. రెండు పుస్తకాలు చూశాను, ఒకటి బాకీలది, ఒకటి జబ్బుది. రెండింట్లోనూ మనిషి ఒక వరసలో పేరుగా మారాడు. రాసేవాడు ఆ పేరు వెనక ఉన్న మనిషిని చూస్తే ఆ పుస్తకం ఆదుకుంటుంది. చూడకపోతే కట్టేస్తుంది. మనం రోజూ రాసేది కూడా అలాంటి పుస్తకమే. ఇప్పుడు అది కంప్యూటర్లో ఉంది, అంతే తేడా.

పిల్లలు, పెద్దలు అందరూ ఉన్నారు కాబట్టి ఇంకో మాట. మన దేశం 2005 చివరికి కుష్ఠును ప్రజారోగ్య సమస్య కాని స్థాయికి తగ్గించింది. కానీ జబ్బు పోలేదు, ఏటా కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి. ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చ ఉంటే దాచుకోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. మందు ఉచితం. జబ్బు రకాన్ని బట్టి ఆరు నెలలో ఏడాదో వాడితే నయమవుతుంది. మందు మొదలుపెట్టాక ఇతరులకు అంటదు. విడాకులకు కుష్ఠును ఒక కారణంగా చూపే వీలును 2019లో చట్టం తీసేసింది. చట్టం మారింది, ఇక మన మనసులు మారాలి.

వెళ్ళాలనుకునేవారికి

మన వాళ్ళు ఎలాగూ అడుగుతారు కాబట్టి నాలుగు ముక్కలు. నార్వే ఐరోపా యూనియన్‌లో లేదు గానీ షెంగెన్ వీసా చెల్లుతుంది. ఓడ బ్రిటన్‌లో కూడా ఆగేటట్టయితే దానికి వేరే వీసా కావాలి, టికెట్ కొనే ముందే చూసుకోండి. ప్రయాణ బీమా తప్పనిసరి. నార్వేలో నోట్లు మార్చుకోనక్కర్లేదు, ప్రతి చోటా కార్డు నడుస్తుంది. మంచినీళ్ళు కొనకండి, కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగవచ్చు. గొడుగు కంటే టోపీ ఉన్న రెయిన్‌కోటు మేలు, అక్కడి గాలికి గొడుగు నిలవదు. బెర్గెన్ లాంటి ఊరిలో ఓడ వాళ్ళు అమ్మే బస్సు టూరు అవసరం లేదు. రేవు దిగి నడిస్తే చాలు. ఉన్న గంటల్లో పది చోట్లు చూడాలని పరుగెత్తకుండా, మూడు చోట్లు ఎంచుకోండి. అందులో ఒకటి మీ పిల్లల్ని ఎంచుకోనివ్వండి. మా అమ్మాయికి వదిలేశాం కాబట్టే ఆ మ్యూజియం చూడగలిగాం.

 భోజనాలు చల్లారకముందే సెలవు తీసుకుంటాను.